అప్పటికే నలుగురు

లిఫ్టు తలుపు మూసుకోబోతుండగా ఆ ముసలాయన మళ్ళీ లోపలికి దూరాడు. దూరీ దూరగానే దగ్గు మొదలుపెట్టాడు.

అలాంటిలాంటి దగ్గు కాదు, పేగులు నోట్లోకొచ్చే దగ్గు.

ముక్కులకు కొంగులూ రుమాళ్ళూ అడ్డం పెట్టుకుని నలుగురు బయటపడ్డారు. తిట్టుకుంటూ మెట్లెక్కారు.

మిగిలిన ముగ్గురితో, ముసలాయనతో లిఫ్టు పైకి వెళ్ళింది.

కింద నిలబడి చూస్తున్న ఆ భవనం మేనేజరుకు ఒళ్ళు మండిపోయింది. రెండు నెలలుగా ఇదే తంతు. నాలుగో అంతస్తులో కంటి ఆసుపత్రి. దానికొచ్చే వాళ్ళ కోసమే కదా అతను ముచ్చటపడి లిఫ్టులో కింద నల్లరాయి వేయించి, మూడు గోడలకూ నిలువెత్తు అద్దాలు పెట్టించింది!

"చూపు ఆనని వాళ్ళకి అద్దాలెందుకురా?" అని వాళ్ళక్క నవ్వింది కూడా.

ముసలాయన ఒక్కడే తిరిగి వచ్చాడు. దగ్గు లేదు. "ఎనిమిది మంది" అని రాసి ఉన్న ఇత్తడి రేకును రుమాలుతో తుడుస్తున్నాడు. అది రోజూ చేసే పనే.

"ఏం పెద్దాయనా, దగ్గు లిఫ్టులోనే వస్తుందా?"

"అవును బాబూ."

అబద్ధమాడే శ్రమ కూడా పడలేదు.

"రాయి వేశాక బరువు పెట్టి చూశారా బాబూ?" అని ఎప్పటిలాగే అడిగాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి? మిషను ముట్టుకోలేదు. కింద రాయేగా వేసింది! అయినా నీకెందుకు?"

ముసలాయన ఖాళీ లిఫ్టుకేసి చూశాడు.

"ఎవరు ఎక్కబోయినా, ఇందులో అప్పటికే నలుగురుంటున్నారు."

మేనేజరు లోపలికి తొంగి చూశాడు. ఎవరూ లేరు. మూడు అద్దాల్లోంచి తన మొహమే తనను చూస్తోంది. ఎందుకో వెన్ను జలదరించింది.

భయం వేసినందుకు కోపం వచ్చింది.

"ఈ పిచ్చాయన్ని మళ్ళీ గేటు దాటనిచ్చావో, నీ ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు వాచ్‌మన్‌తో.

మర్నాడు అక్క కళ్ళు చూపించుకోవడానికి వచ్చింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే.

మధ్యాహ్నం డాక్టర్లు భోజనానికి లేచే వేళకు నాలుగో అంతస్తులో అందరూ ఒకేసారి లిఫ్టు దగ్గరికి చేరారు. గేటు బయట నిలబడ్డ ముసలాయనకు ఆ వేళ బాగా తెలుసు. వాచ్‌మన్ అటు తిరగగానే లోపలికి వచ్చి మెట్లెక్కాడు. ఆ వయసులో నాలుగంతస్తులూ ఆగకుండా ఎక్కాడు.

పైకి చేరేసరికి లిఫ్టులో ఎనిమిది మంది.

"దిగండమ్మా, సగం మంది దిగండి!"

ఈసారి దగ్గు నిజంగానే వచ్చింది. ఎవరూ కదల్లేదు. అంచున నిలబడ్డ అక్క చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. అక్క ఆయన చెంప ఛెళ్ళుమనిపించింది.

తలుపు మూసుకుంది.

రెండంతస్తులు లిఫ్టు మామూలుగానే దిగింది. తర్వాత బ్రేకు పట్టలేదు.

ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. ఏడుగురూ ప్రాణాలతో బయటపడ్డారు కానీ, అయిదుగురికి కాళ్ళు విరిగాయి.

ముసలాయన పైమెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. చెంప మీద అక్క అయిదు వేళ్ళూ అలాగే ఉన్నాయి.

ఆ రోజు నుంచి అక్క తన కుడిచెయ్యి చూసుకుంటూ కూర్చుంటోంది. మేనేజరుకేమో కరెంటు తీసేసిన లిఫ్టులోంచి దగ్గు వినిపిస్తోంది.

మూడో రోజు లిఫ్టుల శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"మిషను ముట్టుకోలేదు సార్" అన్నాడు మేనేజరు నీరసంగా.

"మీ రాయీ అద్దాలూ కలిపి నలుగురు మనుషుల బరువండీ. మీరు తలుపు తెరిచేసరికే అందులో నలుగురు ఎక్కి ఉన్నట్టు లెక్క."



"బాధ్యత ఎవరిది సార్?"

"మార్పు చేయించింది మీరు. మీదే. ఆ పెద్దాయన వచ్చి చెబితే నోటీసు కూడా పంపామే, చూడలేదా?"

సొరుగులో విప్పకుండా పడేసిన కవరు గుర్తొచ్చింది. రిపేరు కంపెనీవాళ్ళ ప్రకటన అనుకున్నాడు.

"మీకిక ఇందులో ఏ బాధ్యతా లేదు, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండని ఆయనకి చెప్పాం. 'ఆ సంగతి ఎక్కేవాళ్ళకి తెలీదు కదయ్యా, ఇంకా నన్ను నమ్మే ఎక్కుతున్నారు' అన్నారు."

"ఆయన్ని నమ్మి ఎక్కడమేంటి సార్?"

ఇన్‌స్పెక్టరు రుమాలు తీసి ఇత్తడి రేకు మీది దుమ్ము తుడిచాడు. ఆ అక్షరాల కింద సన్నటి గీతల్లో ఒక సంతకం కనిపించింది.

"పన్నెండేళ్ళ కిందట ఇందులో ఇసుక బస్తాలు ఎక్కించి, పైకీ కిందకీ పదిసార్లు తిప్పి చూసి, ఈ 'ఎనిమిది' కింద సంతకం పెట్టిన ఇంజనీరు ఆయనే."