వెంకాయమ్మ లాగిన్

పెడన కలంకారీవాళ్ల సైటుకి దీప్తి లాగిన్ పేజీ కట్టింది. తెలుగులో పేరూ, పిన్ నంబరూ కొడితే టోకెన్ వస్తుంది. దాని గడువు తీరేదాకా సైటు మళ్లీ పేరు అడగదు. ముందుగా, అచ్చులు వేసే వెంకాయమ్మ ఫోన్‌లో పెట్టి చూసింది.

పరీక్ష కోసం గడువు ఒక్క నిమిషమే పెట్టిన సంగతి నెల తర్వాత గుర్తొచ్చింది. నాలుక కరుచుకుని, సరిచేసి, ఫోన్ చేసింది.

“సారీ పిన్నిగారూ, మాటిమాటికీ పేరు కొట్టించి విసిగించాను. ఇక అడగదండీ.”

“అయ్యో, ఎందుకు తీసేశావమ్మా?”

“అదేంటండీ?”

“మొదట్లో మా కోడలు రాసిచ్చింది చూసి కొట్టేదాన్ని. ఇప్పుడు చూడకుండానే వచ్చేస్తోంది, కాగితం మీద రాసినా. నిన్న బ్యాంకులో వేలిముద్ర వెయ్యమంటే, పెన్ను ఇమ్మన్నాను. ఇంటిపేరు కూడా అడిగేలా పెట్టవూ?”