నాయనమ్మ గడి

“మామయ్యా, ఆ చెంచా కింద పెట్టండి.”

తాత పెట్టలేదు. చెంచా నిండా అరటిపండు గుజ్జు, అందులో కలిపిన బాదం పొడి. ఎదురుగా ఎత్తు కుర్చీలో ఏడాదిన్నర మనవరాలు పిచ్చుకపిల్లలా నోరు తెరుచుకుని ఉంది.

“పిల్ల నోరు తెరిచింది కదమ్మా!”

“అది చెప్పు చూపించినా తెరుస్తుంది. డాక్టరు ఏం చెప్పారు? మొదట గోటి మీద పట్టేంత. పది నిమిషాలు చూడాలి. ఏమీ కాకపోతే అర చెంచా. మళ్ళీ పది నిమిషాలు.”

“గోరంత తిండికి కొండంత తతంగం.”

“ఆ రోజు కూడా గోరంతే తింది మామయ్యా.”

రెండు నెలల క్రితం పక్కింటి పిల్లాడి చేతిలోని వేరుశనగ బిస్కెట్టు ఒక్క కొరుకు కొరికింది మనవరాలు. ఆసుపత్రికి చేరేలోగా పెదవులు ఉబ్బిపోయాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఆనాటి నుంచి ఇంట్లోకి వేరుశనగ రాలేదు. కొత్త తిండి ఏదైనా పగటిపూటే, ఒకసారికి ఒకటే. పక్కనే బల్ల మీద ఇంజెక్షన్ పెట్టె తెరిచి ఉండాలి.

సోమవారం నుంచి కోడలు మళ్ళీ పనికి వెళ్ళాలి. పిల్లని తాతకి వదలాలా, క్రెష్‌లో వేయాలా అన్నది ఇంకా తేల్చలేదు. తాతకి పిల్లంటే ప్రాణం. కానీ ఒకరి మాట వినడం ఆయన పుట్టి ఎరగడు. ఇవాళ పరీక్ష బాదం పొడికి కాదు, తనకేనని ఆయనకి తెలుసు.

నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన చెయ్యి అది. చెంచా కొనతో ఆవగింజంత తీసి పిల్ల నాలుక మీద పెట్టాడు. చేతి గడియారం విప్పి బల్ల మీద నిలబెట్టాడు.

“ఫోన్‌లో అలారం పెట్టానులెండి” అంది కోడలు.

“నీ ఫోను సంగతి నాకు తెలీదు. నా వాచీ అబద్ధం ఆడదు.”

కోడలు నవ్వాపుకుని ఒక కాగితం ముందుకు లాక్కుంది. “ఈలోగా ఇది నింపేద్దాం. ఇంట్లో ఎవరికి ఏ తిండి సరిపడదో రాసి రేపు డాక్టరుకి ఇవ్వాలి. మా వైపు అయిపోయింది. మా నాన్నకి రొయ్యలు.”

“చూశావా! నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. ఇది మీ వైపు నుంచే వచ్చింది. మా వాళ్ళు రాళ్ళు తిన్నా అరిగించుకున్నారు.”

“తాత, రాళ్ళు, పరవాలేదు” అని పైకి చదువుతూ రాసినట్టు నటించింది కోడలు. “మీ అబ్బాయికి?”

“వాడికి ఏదైనా పడుతుంది. పెట్టింది కనపడదు, తిన్నది కనపడదు.”

“అత్తయ్యకి?”

అత్తయ్యని ఆమె చూడలేదు. తన పెళ్ళికి ముందే ఆవిడ పోయింది.

“ఆవిడకి రోగాలేం లేవు. పొగరొక్కటే. దానికి గడి ఉందా అందులో?”

“పోయిన మనిషిని పట్టుకుని ఏంటి మామయ్యా!”

“పోతే చేసినవన్నీ మాఫీ అయిపోతాయా?”

కోడలు ఆ గడి ఖాళీగా వదిలేసింది.

పది నిమిషాలయ్యాయి. వాచీ, ఫోను ఒకేసారి చెప్పాయి. తాత కళ్ళజోడు సర్దుకుని పిల్ల పెదవులు చూశాడు, చెవుల వెనక చూశాడు, గౌను ఎత్తి పొట్ట చూశాడు. కోడలు చెప్పకుండానే అర చెంచా కొలిచాడు. పెట్టాడు. పిల్ల బల్ల మీద రెండు చేతులతో దరువు వేసింది.

కోడలు అదంతా చూస్తూనే ఉంది. “సరే. సోమవారం నుంచి మీదే డ్యూటీ” అంది.

తాత మొహం విప్పారింది. దాచుకుందామని కిటికీ వైపు తిరిగాడు.

“ఇప్పుడు చెప్పండి, అత్తయ్య చేసిన అంత నేరం ఏంటో.”

“పెళ్ళయిన నెలకి. దుకాణం మూసి వస్తూ దారిలో పొట్లం కట్టించాను. వేడి చల్లారకూడదని చొక్కాలో పెట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాను. వద్దంది. సిగ్గనుకుని నా చేత్తో నోట్లో పెట్టాను. తూ అని ఉమ్మేసి కుళాయి దగ్గరికి పరిగెత్తింది. పొట్లాన్ని పొట్లంగానే తీసుకెళ్ళి కాలవలో పడేసింది. మూడు రోజులు దుప్పటి ముసుగు తీసి నాకు మొహం చూపించలేదు. తర్వాత ఏదో చెప్పబోయింది. నేను వింటేగా!”

“అంతేనా?”

“అంతేనా ఏంటి? నేనూ తక్కువ తినలేదు. ముప్పై ఆరేళ్ళు. ఆవిడ పోయేదాకా మళ్ళీ ఒక్క వస్తువు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టలేదు.”

రెండో పది నిమిషాలు అయ్యాయని ఫోను మోగింది. పిల్ల మొహం నున్నగా, నవ్వుతూ ఉంది. “తాతా, ఇంకా” అంది. తాత ఇంకో చెంచా తీశాడు.

కోడలు అలారం ఆపలేదు. చేతిలో కలం ఆ ఖాళీ గడి మీద ఆగి ఉంది.

“మూడు రోజులు మొహం చూపించలేదా?”

“చెప్పాగా. పొగరు.”

“పొట్లంలో ఏం తెచ్చారు మామయ్యా?”

చెప్పడానికి తాత నోరు తెరిచాడు. చెంచా గాల్లో ఆగింది. ఫోను మోగి మోగి దానంతట అదే ఆగిపోయాక, ఎవరికో చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు.

“వేరుశనగలు.”