అరిచి చెప్పిన పాస్‌వర్డు

మా బాగలూరు తోట రోజాల రేట్లను ఎవరో పక్క తోటకు చేరవేస్తున్నారు. అందుకే మా వెబ్‌సైటులో ఎవరి పాస్‌వర్డు కొడితే వాళ్ల రిపోర్టే కనబడేలా చేయించాను. రేట్లు మాత్రం ఓనరునైన నాకొక్కడికే.

"మౌసు పట్టేదే రాదు, ఇదంతా మీకెందుకన్నా?" అని మేనేజరు ఉదయ్ కుమార్ నవ్వాడు.

నిజమే, రాదు. అతని ముందే గుమాస్తా ప్రతిభకు ఫోన్ చేసి అరిచాను. "నా పాస్‌వర్డు మర్చిపోయినానమ్మా! హనుమంతు అనే కదా పెట్టినాము?"

ఆ సన్నాసి పెదవి విరుస్తూనే చెవులు రిక్కించాడు.

మధ్యాహ్నం కంప్యూటరు ముందు దొరికాడు. "ఊరికే చూస్తా ఉన్నానన్నా..."

"చూడప్పా. ఆ పాస్‌వర్డు కొడితే ఆ రిపోర్టొకటే కనిపిస్తాది. నీకోసరమే చేయించినాను. చదువుకున్నోడివి, గట్టిగా చదువు."

తెర మీద ఉన్నది ఉదయ్ కుమార్‌ను పనిలోంచి తీసేసిన ఆర్డరు.