నాలుగో లైను

ఫ్యాక్టరీ ట్యాంకుల షెడ్డు ఫోను మూడోసారి కూడా ఎంగేజ్ వచ్చింది. ఆమె రిసీవరు పెట్టేసి మళ్ళీ కంప్యూటర్ తెర వైపు చూసింది.

"ఏంటే, ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు?" అంది పక్క సీటు స్నేహితురాలు.

"నా కొంప మునిగింది. ఈ ఫైలు చూడు."

అది మాటల ఫైలు. ఊరవతల ఫ్యాక్టరీలో రసాయనాల ట్యాంకులు కడిగేవాళ్ళ కోసం ట్యాంకు మూత దగ్గర ఒక బోర్డు ఉంటుంది. లోపలి గాలిని పరీక్షించే యంత్రం ఒక నంబరు పంపుతుంది. వీళ్ళ ఆఫీసు రాసిన ప్రోగ్రాం నిమిషానికోసారి ఈ ఫైలు తెరిచి, పైనుంచి లెక్కపెట్టి, ఆ నంబరు లైనులో ఏ మాట ఉంటే దాన్ని తాటికాయలంత అక్షరాలతో బోర్డు మీద వేస్తుంది. మొదటి రెండు లైన్లూ మూత గురించి. మూడోది 'గాలి బాగుంది, దిగవచ్చు.' నాలుగోది 'విషవాయువు ఉంది, దిగరాదు.' ఐదోది 'విషవాయువు పోయింది, దిగవచ్చు.' ప్రోగ్రాంకి మాటల అర్థం తెలియదు, లెక్క ఒక్కటే తెలుసు.

నిన్న సాయంత్రం ఫ్యాక్టరీ మేనేజరు ముచ్చటపడ్డాడని ఆమె ఇంకో మాట చేర్చింది. 'స్వాగతం. మీ పని శుభంగా సాగాలి.' స్వాగతం కదా అని అన్నిటికంటే పైన రాసి, సేవ్ చేసి ఇంటికి వెళ్ళిపోయింది.

"రాస్తే ఏమైంది?"

"ఏమైందా! పైన ఒకటి దూరితే కిందివన్నీ ఒక్కో మెట్టు దిగిపోవూ? ఇప్పుడు యంత్రం నాలుగని పంపితే బోర్డు మీద ఏం పడుతుంది? గాలి బాగుంది, దిగవచ్చు!"

స్నేహితురాలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇవాళ ట్యాంకులోకి దిగేది ఎవరే?"

"మా తమ్ముడు."

నిప్పురవ్వ భయంతో ట్యాంకుల దగ్గరికి సెల్‌ఫోన్లు రానివ్వరు. పొద్దున చెప్పులేసుకుంటూ వాడు, "నువ్వు రాసిన బోర్డును నమ్ముకునే దిగుతున్నానక్కా, కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయవే" అని వేళాకోళం చేసి మరీ వెళ్ళాడు.

"ముందు సార్‌కి చెప్పవే."

"మీటింగులో ఉన్నారు. ఆయన బయటికి వచ్చేదాకా వాడు ఆగుతాడా? ముందు సరిచేస్తాను, చీవాట్లు తర్వాత తింటాను."

ఆమె స్వాగతం లైను చెరిపేసింది. తొందరలో రెండుసార్లు తప్పు మీట నొక్కింది. సేవ్ చేసి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. నిమిషం ఇంత పొడుగుంటుందని ఆమెకు ఎప్పుడూ తెలియదు. ముల్లు ఒక చుట్టు పూర్తిచేశాక మళ్ళీ ఫోను చేసింది. ఈసారి మోగింది.

"మేస్త్రిగారూ, మా తమ్ముడు ట్యాంకులోకి దిగాడా?"

"ఎక్కడమ్మా! పొద్దున్నుంచీ మీ బోర్డు 'దిగరాదు' అని భీష్మించుకు కూర్చుంది. మేమూ ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. ఇదిగో, ఇప్పుడే 'విషవాయువు పోయింది, దిగవచ్చు' అని మారింది. మీవాడు ఆగుతాడా? అందరికంటే ముందు నిచ్చెన పట్టుకున్నాడు. దిగేశాడు కూడా."

ఆమె మనసులోనే లెక్క వేసుకుంది. యంత్రం పంపుతున్నది ఐదు. స్వాగతం అడ్డుపడి పొద్దున్నుంచీ నాలుగో మాట పడుతోంది. ఇప్పుడు అసలు మాట పడింది. లెక్క సరిపోయింది. ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంది.

"బతికిపోయాడే" అంది.

మీటింగు గది తలుపు తెరుచుకుంది. సార్ కాగితాలు చంకలో పెట్టుకుని ఇటే వచ్చాడు. ఎలాగూ తప్పదని ఆమే లేచి నిలబడింది.

"సార్, నిన్న నేను ఆ స్వాగతం లైను పైన రాసి..."

"అదా?" ఆయన నవ్వి, ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. "నువ్వు వెళ్ళాక చూశాను. బాధపడతావని నీతో అనలేదమ్మా. దాన్ని అక్కడే ఉండనీ. యంత్రం ఏ నంబరు పంపినా ఒకటి కలిపి, నాలుగంటే ఐదో లైను చదవమని నిన్ననే ప్రోగ్రాంలో మార్చేశాను."