పెద్దల కంటి కొలత

అంత్యక్రియలు జరిపించేవాళ్ల జాతీయ సంఘానికి చరిత్ర రాసే పని డెబ్బై ఎనిమిదేళ్ల మెర్విన్ నెత్తిన పడింది. చీకటిపడ్డాక బెండిగో పట్టణంలోని సంఘం ఆఫీసులో ఒక్కడే కూర్చుని, గోడ మీది ఫోటోలో ఉన్న వ్యవస్థాపకుల పేర్లు రాసుకుంటున్నాడు. పన్నెండుమందీ కెమెరా వైపే చూస్తున్నారు.

టీ కలుపుకుని వచ్చేసరికి అందరి చూపూ అతని మీదే ఉంది. తల నుంచి కాళ్ల దాకా, ఈ భుజం నుంచి ఆ భుజానికి. టేపు తీయకుండానే శవపేటిక కొలత తేల్చే చూపది. ఆ వృత్తిలోనే ముసలైన మెర్విన్ పెళ్లిళ్లలో కూడా జనాన్ని అలాగే చూసి, భార్య చేత ఎన్నిసార్లు తిట్లు తిన్నాడో!

"నన్ను కొలవక్కర్లేదు పెద్దలూ! ఐదడుగుల తొమ్మిదంగుళాలు," అన్నాడు, నవ్వు తెచ్చిపెట్టుకుని.

గోడ వైపు నుంచి పెన్సిల్ గీస్తున్న చప్పుడు వినిపించి, ఆగింది.

"ఎనిమిదే నాయనా," అన్నారెవరో ఓపిగ్గా. "వయసుకి ఓ అంగుళం కుంగావు. పెట్టె సరిగ్గానే చేయించాంలే."