పేగు తగువు

ఓసోర్‌బై గుళికను నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నీళ్లు తాగేలోపే డోకొచ్చింది.

“మింగేయండి తాతా,” అంది డాక్టర్ సబీరా. “పైన పొర ఉంది. వాసన రాదు.”

“లోపలున్నదేంటో తెలుసు కదే తల్లీ! తెలియకపోతే గొర్రె కొవ్వులా మింగేవాణ్ణి.”

లోపలున్నది మనిషి మలం. ఒక ఆరోగ్యవంతుడిది.

సబీరా, నరీన్ అనే పట్నంలో పేగుపూత జబ్బు మీద పరిశోధన చేస్తోంది. మంచి పేగులోని సూక్ష్మజీవుల్ని పుండుపడ్డ పేగులోకి పంపితే పుండు మానుతుందా అన్నది ఆమె వెతుకులాట. ఎందరినో పరీక్షించాక ఒక్కడు దొరికాడు. అతని మలాన్ని వడగట్టి, గడ్డకట్టించి, గుళికలు చేసి వారం వారం జీపులో కొండమీది మేతభూములకు తెస్తుంది. ఈ సంగతి విన్న రోజు నుంచి సబీరా టీ తాగే గిన్నెను ఓసోర్‌బై భార్య బయట వేరుగా పెట్టింది.

ఓసోర్‌బై ఊరికే ఒప్పుకోలేదు. రెండేళ్లుగా నెత్తురు పడుతోంది. గుర్రమెక్కితే జీను తడిసిపోతోంది. పెద్దాసుపత్రిలో పేగు కోసేసి పొట్టకు మలం పడే సంచీ తగిలిస్తామన్నారు. సంచీ వేలాడేసుకుని గుర్రమెక్కే కంటే ఈ రోత మింగడమే నయమనుకున్నాడు.

గుళిక ఎలాగో దిగింది. మూతి తుడుచుకుని, అలవాటుగా వియ్యంకుణ్ణి తిట్టాడు.

“ఇదంతా ఆ కల్మురాత్‌గాడి పుణ్యం.”

మనవడు పుట్టినప్పుడు కల్మురాత్ విందు చేశాడు. గొర్రె పేగులో మాంసం కూరి వండించాడు. ఓసోర్‌బై కొరికితే పళ్ల కింద కరకరమంది. పేగు సరిగ్గా కడగలేదు. లోపల పెంట లోపలే ఉంది. నలుగురి ముందూ ఉమ్మేశాడు.

“వియ్యంకుడికి పెంట పెడతావురా? చచ్చేదాకా నీ ఇంటిది ఏదీ నా నోట పడదు!” అని రొట్టె మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ ఏడే జబ్బు మొదలైంది. ఆ ముద్ద వల్లనే అని ఆయన నమ్మకం. కాదని సబీరా ఎంత చెప్పినా వినడు. కోడలు పుట్టింటి నుంచి వెన్న తెచ్చుకుంటే కుక్కకు పడేస్తాడు.

సబీరా నీలం మూత డబ్బా తీసుకుని లేచింది.

“మళ్లీ వాడి గుడారానికేనా?”

“కొంచెం పనుంది తాతా.”

“ఏం పని? వాడి పెరుగు పట్నం మోసుకుపోతున్నావటగా, మంచుగడ్డలేసి మరీ! చదువుకున్నదానివి, ఆ ఇంటిది ఎలా తింటావే? థూ!”

సబీరా డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

చలికాలం ముందు మందలు కొండ దిగే వేళకు నెత్తురు ఆగింది. ఓసోర్‌బై బుగ్గలు ఎర్రబడ్డాయి. గుర్రమెక్కి జీపుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“ఎవరమ్మా ఆ మహానుభావుడు? నా చెవిలో చెప్పు.”

“చెప్పకూడదు తాతా. మీరెవరో ఆయనకీ తెలియదు.”

“పోనీలే. మంచి వంశం వాడై ఉంటాడు. శుభ్రమైన ఇల్లు, శుభ్రమైన వంట. నా కడుపు కుదుటపడ్డం చూస్తేనే తెలుస్తోంది. దొరికితే పెద్ద అతిథికి పెట్టే గొర్రె తలకాయ నా చేత్తో ఆయన ముందు పెట్టేవాణ్ణి.”

అవతలి గుడారం ముందు నుంచి కల్మురాత్ కేకేశాడు. “ఏం వియ్యంకుడూ, మళ్లీ మగాడివయ్యావే! దిగు, ఒక గిన్నెడు గుర్రం పాలు తాగి పో.”

“నీ ఇంటివా? కక్కొస్తుందిరా!” ఓసోర్‌బై ఉమ్మేసి గుర్రాన్ని అదిలించాడు.

గుర్రం గుట్ట దాటింది. సబీరా జీపు దిగి కల్మురాత్ దగ్గరికి నడిచింది.

కల్మురాత్ గుడారం వెనక్కి వెళ్లి, ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో నీలం మూత డబ్బాను దూరంగా పట్టుకుని తెచ్చి, “ఇదిగో తల్లీ, ఈ వారానిది, ఛీ, దీన్ని మింగే ఆ దరిద్రుడెవడో గానీ!” అన్నాడు.