ఎడమ భుజం

స్తుతి భుజాన్ని పాడుచేసింది కోచ్ రాకేశే. ఆమె తండ్రి ఎబినేజర్‌కు అందులో అనుమానం లేదు, క్షమించే ఉద్దేశం అంతకన్నా లేదు. స్విమ్మింగ్ పూల్ ఆఫీసులోకి వస్తూనే ఆస్పత్రి చీటీని కోచ్ ముందు బల్ల మీద కొట్టినంత పని చేశాడు.

"సదువు. ఎడమ భుజంల కండ అరిగిందట. ఆరు వారాలు నీళ్లల్ల దిగొద్దట. ఆదివారం స్టేట్ సెలక్షన్. పతకాల పిచ్చితోని పదిహేనేండ్ల పిల్లను గొడ్డు లెక్క ఈదిపిచ్చినవు."

రాకేశ్ చీటీ చదివి తల ఊపాడు. "అన్నా, నొప్పి అన్నదని నెల కిందనే సగం తగ్గించిన. రోజుకు నలభై నిమిషాలే ఈదుతది. రిజిస్టర్ సూడు."

"రిజిస్టర్ రాసేది నువ్వే గద. రేపు కలెక్టరాఫీసుల దరఖాస్తు ఇస్త. నీ నౌకరి ఊడాలె."

గోడ పక్కన చున్నీతో చెయ్యి మెడకు కట్టుకుని నిలబడ్డ స్తుతి మెల్లగా అంది. "సార్ తప్పు లేదు బాపూ."

"నువ్వు నోరు ముయ్యి."

ఎబినేజర్ కూర్చోలేదు. కిటికీ దాకా వెళ్లాడు, తలుపు దాకా వచ్చాడు, గడియారం చూశాడు. ఐదు దాటింది. భార్య దెబోరా పోయిన ఈ ఎనిమిది నెలల్లో సాయంత్రం ఐదున్నరకు అతను మానేరు డ్యాం కట్ట మీద లేని రోజు లేదు. ఒక్కడే పోవాలి. వెంట ఎవరూ రాకూడదు.

"ఈ ఒక్కపూట కట్టకు పోకు బాపూ," అంది స్తుతి.

"కట్టకు, నీ భుజానికి ఏం సంబంధం?"

"అన్నా, ఒక్కటి చెప్పు," అన్నాడు రాకేశ్. "ఈతల రెండు చేతులు ఆడుతయి. మరి ఎడమదే ఎందుకు అరిగింది?"

జవాబు తలుపు దగ్గరి నుంచి వచ్చింది. పూల్ ఊడ్చే యాదవ్వ చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"తిట్టనంటే ఒక మాట చెప్త సారూ."

"యాదవ్వా, వద్దు!" అంది స్తుతి.

"ఊకుంటే కోచ్ సారు నౌకరి పోతది బిడ్డా." యాదవ్వ ఎబినేజర్ వైపు తిరిగింది. "పొద్దుగాల ఐదింటికి, కోచ్ సారు రాకముందే నీ బిడ్డ వస్తది. నన్ను నీళ్లల్ల మొఖం మీదికి వెట్టి ఎల్లెలుకల పండవెడ్తది. ఎడమ చెయ్యి నా గడ్డం కిందికెల్లి ఏసి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు గుంజుకపోతది. రోజుకు ఇరవై సార్లు. జర కాళ్లు ఆడిస్తే కోపానికొస్తది. మునిగెటోళ్లు సాయం చెయ్యరు, బరువు ఇడిసి పండు అంటది."

రాకేశ్ నోరు తెరిచాడు. "గీ వయసుల నీకు జలకాలాటలా యాదవ్వా?"

"నాకేమన్న సరదానా? సర్ది పట్టి సస్తున్న. ముందుగాల నాతోని ఊడ్చే సక్కుబాయిని బరువు మిషను మీద నిలవెట్టింది. నువ్వు సన్నగున్నవు, పనికిరావు అన్నది. నన్ను ఎక్కిచ్చి సూసి, సరిపాయె అన్నది. నా కర్మ!"

ఎబినేజర్ కూతురి మీదికి వెళ్లాడు. "ఈత నేర్సుకోమని పంపిస్తే గిదేం పిచ్చి పని? చెయ్యి పాయె, సెలక్షన్ పాయె. ఎవల్ని గుంజుదామని?"

"నువ్వు చెప్పులు మెట్ల మీద ఇడిసి నీళ్లల్లకు దిగుతున్నవు," అంది స్తుతి, నేల చూస్తూ. "మొదలు మోకాళ్లదాక. మొన్న నడుముదాక. ఎనుక నిలబడి సూసిన."

ఎబినేజర్ బల్ల మీది చీటీ తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఇంటికి నడువు. గీ ముచ్చట నేను మళ్ల తియ్యను. నువ్వు తియ్యకు."

"తియ్యను," అంది స్తుతి. "నీ బీపీ చీటీ మీద అరవై తొమ్మిది కిలోలని రాసున్నది బాపూ. యాదవ్వ గంతే ఉంటది."

అతను మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.